పటిక దాచిన ఫ్లోరైడ్: ఒక మౌత్‌వాష్ నమూనా పరీక్షలో ఎదురైన చిక్కు

సీసా మీద ‘సోడియం ఫ్లోరైడ్ 0.05 శాతం’ అని అచ్చువేసి ఉన్న ఒక మౌత్‌వాష్ నమూనా మా ప్రయోగశాలకు వచ్చింది. తయారీదారు అడిగింది ఒక్కటే: లేబుల్ మీద రాసినంత ఫ్లోరైడ్ సీసాలో ఉందో లేదో తేల్చి చెప్పమని. మొదటి రోజు ఫ్లోరైడ్‌ను కొలిచే మా ఎలక్ట్రోడ్ ఇచ్చిన జవాబు లీటరుకు 181 మిల్లీగ్రాములు, ఉండవలసింది 226. మరునాడు ఉదయం అదే బీకరులోని అదే ద్రావణం 222 చూపింది. తేడాగా వచ్చిన ఆ 41 మిల్లీగ్రాములు మొదటి రోజు సాయంత్రం ఎక్కడ ఉన్నాయన్నదే ఈ కేసు. దాని జవాబు మాకు ముందే తెలిసి ఉండవలసినది కావడం వల్లనే దీన్ని వివరంగా రాస్తున్నాను.

మాకు వచ్చే నమూనాలలో ఎక్కువ భాగం తాగునీళ్లు. ఉమ్మడి నల్గొండ జిల్లా బోరుబావుల నీళ్లు ఏళ్ల తరబడి మా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి ఎముకల ఫ్లోరోసిస్ గురించి వైద్యులు ప్రకటించిన నాటి నుంచీ తెలుగు నేల మీద ఫ్లోరైడ్ అనగానే మనసులో మెదిలేది నీళ్లే కనుక, ఈ పనిలో ఉన్నవారి కంటికి అలవాటైన అంకెలు కూడా నీటివే: లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా వాంఛనీయం, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతి. మౌత్‌వాష్ పుక్కిలించి ఉమ్మివేసేది గనుక అందులో ఫ్లోరైడ్ నీటి హద్దుకు వంద రెట్లకు పైగా ఉండడం వింత కాదు. అయితే మా పద్ధతి, పోల్చి చూడడానికి తెలిసిన గాఢతతో చేసుకునే మా ప్రమాణ ద్రావణాలు, అన్నిటికన్నా ముఖ్యంగా మా తొందర, నీళ్లను కొలిచి కొలిచి అలవాటుపడినవి. ఈ కేసులో మమ్మల్ని పక్కదారి పట్టించింది చాలావరకు ఆ అలవాటే.

లెక్క ముందుగా చెప్పుకోవాలి. ద్రావణాలలో 0.05 శాతమంటే 100 మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 500 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్. ఆ లవణపు అణుభారం 41.99, అందులో ఫ్లోరిన్ వంతు 19.00, అంటే 45.25 శాతం. కాబట్టి లీటరుకు 226 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ రావాలి. తయారీదారు తరఫున వచ్చినాయన ‘500 ఉండాలి కదా’ అని అడిగారు. ఆ ప్రశ్న అడిగేవారు తరచుగా ఎదురవుతారు కనుక, లవణంగా ఎంత, ఫ్లోరైడ్‌గా ఎంత అన్నది నివేదికలో రెండు వరుసలుగా వేయడం మాకు మొదటి నుంచీ ఉన్న పద్ధతి.

ఎలక్ట్రోడ్ చూసేదీ, చూడలేనిదీ

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ అడుగున ఉండే చిన్న బిళ్ల లాంథనం ఫ్లోరైడ్ ఏకస్ఫటికం. అందులో కొద్దిగా యూరోపియం ఫ్లోరైడ్ కలపడం వల్ల స్ఫటిక జాలకంలో ఫ్లోరైడ్ ఉండవలసిన కొన్ని చోట్లు ఖాళీగా మిగులుతాయి. పక్కనున్న ఫ్లోరైడ్ అయాన్ ఆ ఖాళీలోకి జరుగుతుంది, దాని స్థానంలోకి మరొకటి వస్తుంది. ఈ జరుగుబాటే స్ఫటికం గుండా విద్యుత్తును మోస్తుంది. పరిమాణంలో, ఆవేశంలో సరిపోయే అయాన్ మరేదీ ఆ ఖాళీలలో సులభంగా ఇమడదు కనుక స్ఫటికం ఫ్లోరైడ్‌కే స్పందిస్తుంది. ఫ్రాంట్, రాస్ 1966లో ప్రకటించిన ఈ ఎలక్ట్రోడ్ నేటికీ దాదాపు అదే రూపంలో వాడుకలో ఉంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఫ్లోరైడ్ పది రెట్లు పెరిగితే దాని పొటెన్షియల్ సిద్ధాంతం ప్రకారం 59.16 మిల్లీవోల్టులు తగ్గుతుంది. సంవర్గమానం మీద నడిచే ఈ సంబంధానికి ఒక కఠినమైన పర్యవసానం ఉంది: రీడింగ్‌లో ఒక్క మిల్లీవోల్టు తప్పితే గాఢతలో నాలుగు శాతం తప్పుతుంది. నీటి పనిలో 1.10కి బదులు 1.14 వచ్చినా ఎవరూ అడగరు. లేబుల్‌తో సరిపోల్చవలసిన సరుకులో ఆ నాలుగు శాతమే వాదులాటకు చాలు.

అంతకన్నా ముఖ్యమైనది, ఆ స్ఫటికం చూసేది స్వేచ్ఛగా తిరుగుతున్న ఫ్లోరైడ్ అయాన్‌ను మాత్రమే. ద్రావణం బాగా పుల్లగా ఉంటే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో జతకట్టి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ 3.2 దగ్గర సుమారు సగం ఆ రూపంలోకి పోతుంది, దాన్ని ఎలక్ట్రోడ్ చూడదు. ద్రావణం బాగా క్షారంగా ఉంటే హైడ్రాక్సైడ్ అయాన్‌ను కూడా ఫ్లోరైడ్‌గా పొరబడుతుంది. అల్యూమినియం, ఇనుము వంటి లోహ అయాన్లు ఫ్లోరైడ్‌ను తమ చుట్టూ కట్టిపడేస్తే అదీ కనిపించదు. కొన్ని టూత్‌పేస్టులలో ఉండే సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్‌లో ఫ్లోరిన్ ఫాస్ఫరస్‌కు నేరుగా బంధితమై ఉంటుంది కనుక, ఆమ్లంతో విడగొట్టేదాకా ఎలక్ట్రోడ్ దృష్టిలో అది లేనట్టే. కాబట్టి ‘ఫ్లోరైడ్ ఎంత’ అని అడిగినవారిని ‘ఏ ఫ్లోరైడ్’ అని తిరిగి అడగకుండా పని మొదలుపెట్టకూడదు. మేము మొదలుపెట్టాము.

ఈ చిక్కులను సర్దడానికే టిసాబ్ అని పిలిచే బఫర్ ద్రావణాన్ని నమూనాలోనూ, ప్రమాణ ద్రావణాలలోనూ సమానంగా కలుపుతారు. మేము వాడే పాళ్లు ఇవి: 500 మిల్లీలీటర్ల నీటిలో 57 మిల్లీలీటర్ల గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, 58 గ్రాముల సోడియం క్లోరైడ్, 4 గ్రాముల సీడీటీఏ వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్‌ను 5.0కూ 5.5కూ మధ్యకు తెచ్చి, చల్లారిన తర్వాత లీటరుకు నింపుతాము. ఉప్పు వల్ల అన్ని ద్రావణాల అయానిక బలం ఒకే స్థాయికి వస్తుంది. ఎసిటేట్ పీహెచ్‌ను కాస్తుంది. ఆ పీహెచ్ దగ్గర హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా మిగిలేది ఒక శాతం కన్నా తక్కువ. సీడీటీఏ లోహ అయాన్లను తాను పట్టుకొని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. పాఠ్యపుస్తకాలలో ఈ మూడో పనిని ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతారు. ఆ పనికి ఎంత సేపు పడుతుందో ఆ వాక్యంలో ఉండదు.

మొదటి రోజు

110 డిగ్రీల వద్ద రెండు గంటలు ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 2.210 గ్రాములను లీటరు నీటిలో కరిగించి లీటరుకు 1000 మిల్లీగ్రాముల మూల ద్రావణం చేసి, పాలిథిన్ సీసాలో ఉంచాము. ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది, పుల్లటి ద్రావణంలోనైతే తింటుంది కూడా. అందువల్ల కొలతకు తప్ప నిల్వకు గాజు వాడము. దాని నుంచి లీటరుకు 1, 2, 5, 10 మిల్లీగ్రాముల ప్రమాణాలు తయారుచేశాము. మౌత్‌వాష్‌ను 2 మిల్లీలీటర్లు తీసుకొని 100కు నింపాము, అంటే యాభై రెట్ల విలీనం. ఈ పని చిన్నదే అయినా గ్లిజరిన్, సార్బిటాల్ ఉన్న ద్రావణం పిపెట్ గోడలకు అంటుకొని నెమ్మదిగా దిగుతుంది కనుక, పరిమాణంతో పాటు తూకం కూడా వేసి సాంద్రతతో సరిచూశాము. విలీనం చేసిన దానిలో 25 మిల్లీలీటర్లకు 25 మిల్లీలీటర్ల టిసాబ్ కలిపాము. ప్రమాణాలకూ అంతే.

ఎలక్ట్రోడ్‌ను పలుచని ద్రావణం నుంచి చిక్కని దానికి వరుసగా ముంచుతూ క్రమాంకనం చేశాము, అంటే ఏ గాఢతకు ఎంత రీడింగో చూసుకున్నాము. 1 మిల్లీగ్రాము ప్రమాణం 98.3 మిల్లీవోల్టులు, 10 మిల్లీగ్రాముల ప్రమాణం 39.9 చూపాయి. అంటే పది రెట్లకు 58.4 మిల్లీవోల్టుల వాలు. నాలుగేళ్ల ఎలక్ట్రోడ్‌కు అది మంచి ఆరోగ్యమే. నమూనా 65.7 దగ్గర నిలిచింది. మీటరు తెర మీద ‘స్థిరం’ అనే గుర్తు మూడో నిమిషంలో వెలిగింది, మా సహాయకుడు రాసుకున్నాడు. మూడు విడివిడి విలీనాలకు వచ్చిన ఫలితాలు లీటరుకు 180, 181, 183 మిల్లీగ్రాములు.

మూడూ ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉండి, లేబుల్‌కు అంత దూరంగా ఉంటే, సరుకులోనే లోపముందని రాసి సంతకం పెట్టాలనిపిస్తుంది. తయారీదారు చిన్న స్థాయివాడు, తూకంలో పొరపాటు చేసి ఉంటాడనుకోవడం తేలిక. అయినా 20 శాతం తక్కువ అని ఒక వ్యాపారి సరుకు మీద రాయడానికి ముందు మా వైపు తప్పు లేదని చూసుకోవాలి. అందుకని మాకు తెలిసిన అనుమానాలన్నిటినీ వరుసగా వేసుకున్నాము.

నురగ మొదటి అనుమానం. మౌత్‌వాష్‌లో నురగ తెచ్చే పోలాక్సమర్ అనే పదార్థం ఉంది. స్టిరర్ తిప్పుతుంటే సన్నని బుడగలు లేచి స్ఫటికం కింద చేరతాయి. ఎలక్ట్రోడ్‌ను కాస్త వాల్చి పెట్టి, తిప్పే వేగం తగ్గించి చూశాము, రీడింగ్ మారలేదు. రెండోది ఉష్ణోగ్రత. స్టిరర్ మోటారు వేడి బీకరు అడుగుకు ఎక్కుతుంది, అది రెండు డిగ్రీలు పెంచినా ఈ పనిలో తెలుస్తుంది. మీటరులోని ఉష్ణోగ్రత సవరణ వాలును మాత్రమే సరిచేస్తుంది కానీ ఎలక్ట్రోడ్ మూల పొటెన్షియల్‌లో వచ్చే మార్పును సరిచేయదన్నది చాలామంది గమనించరు. బీకరు కింద థర్మాకోల్ ముక్క పెట్టడం మాకు ముందు నుంచీ ఉంది. నమూనా, ప్రమాణాలు రెండూ 26 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. మూడోది స్ఫటికం మీద పొర. లవంగ నూనె, పిప్పరమెంటు పువ్వు ఉన్న ద్రావణాలలో పదే పదే ముంచితే స్ఫటికం మీద జిడ్డు చేరి స్పందన మందగిస్తుంది. దీనికి మందు ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టే: మెత్తని గుడ్డ మీద కొంచెం వేసి, చిన్నపిల్లల పళ్లు తోమినంత సున్నితంగా రుద్ది, బాగా కడగాలి. పళ్ల సరుకును పరీక్షించే పరికరానికీ పళ్లు తోమవలసి రావడం మా గదిలో పాత హాస్యం. రుద్దాక 5 మిల్లీగ్రాముల ప్రమాణం మునుపటి అంకెనే చూపింది. నమూనా కూడా మునుపటి అంకెనే చూపింది.

రికవరీ పరీక్ష ఇచ్చిన తప్పుడు ధైర్యం

నాలుగో పరీక్ష మీద నేను ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాను. నమూనాలో ఏదో పదార్థం ఫ్లోరైడ్‌ను అడ్డుకుంటున్నదంటే, తెలిసిన మోతాదులో ఫ్లోరైడ్‌ను బయటి నుంచి చేర్చినప్పుడు అది కూడా తక్కువగా కనిపించాలి కదా అన్నది దాని వెనుక ఉన్న తర్కం. రీడింగ్ తీసిన బీకర్లలో ఒకదానిలోకి 100 మైక్రోగ్రాముల ఫ్లోరైడ్ చేర్చాము. 97 కనిపించింది. రికవరీ 97 శాతం అంటే ఏ పరిశీలకుడైనా తల ఊపే అంకె. నమూనాలో అడ్డంకి ఏమీ లేదని అప్పుడు నిర్ణయించుకున్నాను. ఈ కేసులో నేను చేసిన పెద్ద పొరపాటు అదే. అది ఎందుకు పొరపాటో కింద చెబుతాను.

ఇక మిగిలింది ఎలక్ట్రోడ్ మీదనే అనుమానం. కొత్తది ఒకటి పెట్టెలో ఉంది కానీ దాన్ని వాడేముందు పలుచని ఫ్లోరైడ్ ద్రావణంలో నానబెట్టాలి, అప్పటికే సాయంత్రమైంది. ఫ్లోరైడ్ చేర్చని ఒక నమూనా బీకరునూ, 5 మిల్లీగ్రాముల ప్రమాణపు బీకరునూ పారబోయకుండా పారాఫిల్మ్‌తో బిగించి పక్కపక్కన పెట్టి ఇళ్లకు వెళ్లిపోయాము. మరునాడు ఉదయం కొత్త ఎలక్ట్రోడ్‌కు కొత్తగా క్రమాంకనం చేసి ఆ బీకరులో ముంచితే 222 వచ్చింది.

గదిలో అందరి ముఖాలూ విప్పారాయి. పాత ఎలక్ట్రోడ్ చెడిపోయిందని రిజిస్టరులో రాసేశారు కూడా. కొత్తదానితో మరో విలీనం చేసి ముగిద్దామని, తాజాగా 2 మిల్లీలీటర్లు తీసి, నింపి, టిసాబ్ కలిపి చూస్తే 182 వచ్చింది. అప్పుడు పాత ఎలక్ట్రోడ్‌ను మళ్లీ క్రమాంకనం చేసి రాత్రి నుంచి ఉన్న బీకరులో పెట్టాము, 221 చూపింది. రెండు ఎలక్ట్రోడ్‌లూ ఒకే మాట చెబుతున్నాయి: తాజా ద్రావణంలో తక్కువ, నిలువ ఉన్న ద్రావణంలో సరిగ్గా. రాత్రి నీరు ఆవిరై చిక్కబడి ఉండవచ్చన్న వాదానికి పక్కనే ఉన్న ప్రమాణపు బీకరు అడ్డం వచ్చింది. అది 5.0 దగ్గరే ఉంది. ఆ బీకరును మూసి పెట్టడం ముందుచూపు కాదు, బద్ధకం. అయినా ఈ కేసులో దొరికిన అన్నిటికన్నా విలువైన సాక్ష్యం అదే.

అప్పుడు చేయవలసింది స్పష్టమైంది. పాత ఎలక్ట్రోడ్‌తోనే తాజా మిశ్రమాన్ని గంటల తరబడి చూస్తూ కూర్చున్నాము. మూడో నిమిషంలో 65.7 మిల్లీవోల్టులు, అంటే లీటరుకు 181, అరగంటకు 64.4, అంటే 190. రెండు గంటలకు 62.3, అంటే 207; నాలుగు గంటలకు 61.3, అంటే 215. మరునాడు ఉదయం మళ్లీ క్రమాంకనం చేసి చూస్తే 222. మొదటి అరగంటలో రీడింగ్ నిమిషానికి 0.05 మిల్లీవోల్టు చొప్పున దిగుతూ ఉంది. మీటరు ‘స్థిరం’ అనడానికి పెట్టుకున్న హద్దు అంతకన్నా వదులుగా ఉంటుంది కనుక, దాని దృష్టిలో అది నిలిచిన రీడింగే. మూడు విలీనాలు ఒకే అంకె ఇచ్చింది కూడా అందుకే: మూడింటినీ ఒకే సమయంలో, అంటే మూడో నిమిషంలో, చూశాము.

లేబుల్ మీది ఒక మాట

ద్రావణంలో ఏదో ఒకటి ఫ్లోరైడ్‌ను నెమ్మదిగా వదులుతోంది. ఆ గుణం అల్యూమినియానిదని నీళ్లతో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు, కానీ పళ్ల ద్రావణంలోకి అల్యూమినియం ఎక్కడి నుంచి వస్తుంది? సీసాను తెప్పించి లేబుల్‌ను నేనే చదివాను. పదార్థాల వరుసలో చివరన, మూలికల పేర్ల మధ్య, చిన్న అక్షరాలలో ‘పిప్పరమెంటు పువ్వు స్ఫటిక’ అని ఉంది. మధ్యలో ఉండవలసిన కామా అచ్చులో పోయింది. నమూనాను నమోదు చేసుకున్న సహాయకుడు దాన్ని పిప్పరమెంటు పువ్వు స్ఫటికాలని అర్థం చేసుకొని, మెంథాల్ అని రాసి ఊరుకున్నాడు; మెంథాల్ చూడడానికి స్ఫటికంలాగే ఉంటుంది కనుక అతన్ని అనడానికి ఏమీ లేదు. స్ఫటిక అంటే పటిక. క్షవరం తర్వాత చెంపకు రాసుకునే, మురికి నీళ్లలో తిప్పి తేర్చే పటిక. చిగుళ్లు గట్టిపడతాయని దాన్ని పళ్లపొడులలో కలపడం మన వైపు పాత అలవాటే. ఈ తయారీదారు ఆ అలవాటునూ, ఫ్లోరైడ్‌నూ ఒకే సీసాలో పోశారు. ఫోనులో అడిగితే దాచకుండా చెప్పారు: పటిక కూడా 0.05 శాతమే.

ఇది చదువుతున్నవారిలో నల్గొండ పద్ధతి ఎరిగినవారు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించి, ఆ జిల్లా పేరుతోనే వ్యాప్తిలోకి తెచ్చిన ఫ్లోరైడ్ తొలగింపు విధానంలో బకెట్టు నీళ్లలో వేసేది సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటికే. ఫ్లోరైడ్‌ను పట్టుకునే శక్తి అల్యూమినియానికి ఉందన్న నమ్మకం మీదనే ఆ పద్ధతంతా నిలిచింది. మేము ఏళ్లుగా అలా శుద్ధిచేసిన నీళ్లను పరీక్షిస్తూ ఉన్నాము. అదే పని ఒక మౌత్‌వాష్ సీసాలో జరుగుతుందని ఊహించలేదు.

పటికలో అల్యూమినియం వంతు 5.7 శాతం. లీటరుకు అర గ్రాము పటిక అంటే 28 మిల్లీగ్రాముల అల్యూమినియం, సుమారు 1.05 మిల్లీమోల్‌లు. ఫ్లోరైడ్ 11.9 మిల్లీమోల్‌లు. బరువులో చూస్తే అల్యూమినియం తక్కువే, కానీ ఒక్కొక్క అల్యూమినియం అయాన్ ఒకటి నుంచి ఆరు దాకా ఫ్లోరైడ్‌లను పట్టగలదు. ఎన్నిటిని పడుతుందనేది చుట్టూ ఉన్న స్వేచ్ఛా ఫ్లోరైడ్ గాఢత మీద ఆధారపడుతుంది. ఆ సంక్లిష్టాల స్థిరాంకాలు పట్టికలలో దొరుకుతాయి. వాటితో లెక్క వేస్తే, యాభై రెట్లు విలీనం చేసి టిసాబ్‌తో సగం చేసిన మా బీకరులో ఒక్కొక్క అల్యూమినియం సగటున 2.3 ఫ్లోరైడ్‌లను పట్టుకొని ఉండాలి. అంటే మొత్తంలో ఐదో వంతు. 226లో ఐదో వంతు పోతే మిగిలేది 181కి ఆనుకొని ఉంటుంది. లెక్క ఇంత దగ్గరగా కలవడంలో కొంత అదృష్టం ఉందని ఒప్పుకుంటాను, ఎందుకంటే మూడు నిమిషాలలో సీడీటీఏ కూడా కొంత పని చేసే ఉంటుంది.

సీడీటీఏకు చేతకాక కాదు. ఆ మిశ్రమంలో అల్యూమినియం కన్నా సీడీటీఏ వందల రెట్లు ఎక్కువగా ఉంది, దాని పట్టు కూడా ఫ్లోరైడ్ పట్టు కన్నా ఎంతో గట్టిది. చివరికి గెలిచేది అదే. అయితే అల్యూమినియం తన చుట్టూ ఉన్నవాటిని వదిలి కొత్త జతలోకి వెళ్లడంలో మహా నిదానం, గది ఉష్ణోగ్రత వద్ద దానికి గంటలు కావాలి. వెళ్లిన ప్రతి అల్యూమినియం వెంట రెండు మూడు ఫ్లోరైడ్‌లు విడుదలై ఎలక్ట్రోడ్‌కు కనిపిస్తాయి. మేము రాత్రంతా వదిలేసిన బీకరులో జరిగింది ఇదే.

ఇప్పుడు రికవరీ సంగతి. మేము చేర్చిన 100 మైక్రోగ్రాముల ఫ్లోరైడ్ బీకరులోకి వచ్చేసరికి అల్యూమినియం చేతులు చాలావరకు నిండి ఉన్నాయి. ఫ్లోరైడ్ రెట్టింపైనా ఒక్కొక్క అల్యూమినియం పట్టు 2.3 నుంచి 2.6 దాకా మాత్రమే పెరుగుతుంది. చేర్చినదానిలో అది మింగేది మూడు శాతం లోపే. మిగిలినదంతా స్వేచ్ఛగా ఉండి కనిపించింది. అంటే కొత్తగా చేర్చింది దొరుకుతుంది, ముందే బంధించి ఉన్నది దొరకదు. చేర్చిన ఫ్లోరైడ్ ఎలా ప్రవర్తిస్తే నమూనాలోని ఫ్లోరైడ్ కూడా అలాగే ప్రవర్తిస్తుందన్న ఊహ మీద రికవరీ పరీక్ష నిలబడుతుంది. రెండూ ఒకే రూపంలో లేనప్పుడు ఆ ఊహ చెల్లదు. ప్రమాణాన్ని చేరుస్తూ మూల గాఢతను వెనక్కి లెక్కించే పద్ధతి వాడి ఉన్నా ఇదే తప్పు అంకె మరింత నమ్మకంగా వచ్చి ఉండేది. పరీక్ష నివేదికలలో రికవరీ ఒక్కటే చూసి ఆమోదించేవారు ఎందరో ఉన్నారు, నిన్నటిదాకా నేనూ వారిలో ఒకణ్ణి.

నిర్ధారణ

ఊహ ఎంత చక్కగా కుదిరినా దాన్ని వేరే దారిలో పరీక్షించాలి. తయారీదారు ఇచ్చిన పాళ్ల ప్రకారం మేమే రెండు ద్రావణాలు చేశాము. మొదటిదానిలో పటిక తప్ప అన్నీ ఉన్నాయి, రెండోదానిలో పటిక కూడా ఉంది. మొదటిది మూడో నిమిషంలోనే 225 చూపి అక్కడే నిలిచింది. రెండోది 180తో మొదలై అసలు నమూనాలాగే పైకి పాకింది. గ్లిజరిన్, సార్బిటాల్, నూనెలు, నురగ అన్నీ ఒకేసారి నిర్దోషులయ్యాయి. ఆ తర్వాత టిసాబ్ కలిపిన నమూనాను మూత బిగించిన పాలిప్రొపిలీన్ సీసాలో 60 డిగ్రీల నీటి తొట్టెలో అరగంట ఉంచి, గది ఉష్ణోగ్రతకు పూర్తిగా చల్లార్చి కొలిస్తే 221 వచ్చింది. రాత్రంతా ఆగనక్కరలేకుండా పని జరిగే దారి అదేనని తేలింది. చల్లార్చడంలో తొందరపడితే మాత్రం ఒక తప్పు తీసి మరో తప్పు పెట్టినట్టే.

ఇక్కడితో తయారీదారు ప్రశ్నకు జవాబు దొరికింది: మొత్తం ఫ్లోరైడ్ 222, లేబుల్ మీద చెప్పినదానిలో 98 శాతం. తూకంలో ఆయన ఏ పొరపాటూ చేయలేదు. కానీ నాకు మరో ప్రశ్న మిగిలింది. నోట్లో పోసుకొని పుక్కిలించేవారి దగ్గర టిసాబ్ ఉండదు, 60 డిగ్రీల నీటి తొట్టె ఉండదు. వారి పళ్లను తాకేది సీసాలో స్వేచ్ఛగా ఉన్నంత ఫ్లోరైడే. దాన్ని కొలవడానికి పటిక లేకుండా మేము చేసిన ద్రావణంలోనే వేర్వేరు మోతాదుల ఫ్లోరైడ్ కలిపి, పీహెచ్‌ను నమూనాకు సరిపడా 4.8 దగ్గరకు తెచ్చి, వాటినే ప్రమాణాలుగా పెట్టుకొని, టిసాబ్ ఏమీ కలపకుండా, విలీనం చేయకుండా నేరుగా కొలిచాము. 147 వచ్చింది. విలీనం కాని సీసాలో ఫ్లోరైడ్ చిక్కగా ఉండడం వల్ల ఒక్కొక్క అల్యూమినియం నాలుగు దాకా పట్టుకుంటుంది కనుక, ఇది 181 కన్నా కూడా తక్కువ ఉండడం న్యాయమే. అంటే సీసాలో ఉన్న ఫ్లోరైడ్‌లో మూడో వంతు ఎప్పుడూ కట్టివేసి ఉంది.

అల్యూమినియంతో జతపడిన ఫ్లోరైడ్ పంటి ఎనామెల్ దగ్గర ఎలా ప్రవర్తిస్తుందన్నది దంతవైద్యులు తేల్చవలసిన విషయం, నా బల్ల మీద తేలేది కాదు. అందుకని నివేదికలో వ్యాఖ్యానం ఏదీ రాయకుండా రెండు అంకెలూ రాశాను: సంక్లిష్టాలు విడిన తర్వాత మొత్తం ఫ్లోరైడ్ 222, సీసాలో ఉన్న స్థితిలో స్వేచ్ఛా ఫ్లోరైడ్ 147. తయారీదారు రెండో వరుస తీసేయమని అడిగారు. లేబుల్‌కు సంబంధించింది మొదటిదే కదా అన్నారు. ఆయన అన్నదానిలో న్యాయం లేకపోలేదు. కానీ కొలిచిన అంకెను దాచే హక్కు నాకు లేదని చెప్పి, దాని పక్కన కొలిచిన విధానం పూర్తిగా రాసి ఇచ్చాను. నెలన్నర తర్వాత పటిక లేని కొత్త పాళ్లతో మరో నమూనా వచ్చింది. అది మూడో నిమిషంలోనే 224 చూపింది, అరగంట తర్వాతా అంతే.

మా పద్ధతి పత్రంలో రెండు మార్పులు చేశాము. నీరు కాని ప్రతి నమూనాకూ పూర్తి పదార్థాల జాబితా అడిగి తీసుకొని, అందులో పటిక, అల్యూమినియం, తగరం, ఇనుము వంటివి ఉన్నాయేమో సంతకం పెట్టేవారే చదవాలి. తగరం పేరు ఎందుకంటే స్టానస్ ఫ్లోరైడ్ రూపంలో అది పళ్ల సరుకులలోకి ఫ్లోరైడ్‌తో పాటే వస్తుంది. రెండోది, రిజిస్టరులో మిల్లీవోల్టుల గడి పక్కన కొత్తగా ‘ఎన్నో నిమిషం’ అనే గడి గీశాము, మూడో నిమిషం రీడింగ్‌నూ ముప్పయ్యో నిమిషం రీడింగ్‌నూ రెండింటినీ రాయాలి. వాటి మధ్య అర మిల్లీవోల్టు తేడా ఉంటే నమూనా నీటి తొట్టెలోకి వెళ్తుంది.

ఆ గడి గీస్తుండగానే సహాయకుడు అడిగాడు, పటికతో శుద్ధిచేసిన నీళ్లను ఇన్నాళ్లూ మనం ఎన్నో నిమిషంలో చదివామని. మూడో నిమిషంలోనే. అలమరలో నిలువ ఉన్న అలాంటి నీటి నమూనాలు పదకొండు దొరికాయి. వేడిచేసి మళ్లీ కొలిస్తే తొమ్మిదింటిలో మార్పు లేదు. సరిగ్గా తేర్చిన నీటిలో కరిగిన అల్యూమినియం మిగిలేది చాలా తక్కువ. మిగిలిన రెండూ పెరిగాయి, వాటిలో ఒకటి 1.3 నుంచి 1.6కు. ఆ రెండింటికీ పాత నివేదికలను రద్దుచేస్తూ కొత్తవి పంపాము.